బెంగళూరు చలికాలంలో తొందరపడి వచ్చిన సీతాకోకచిలుకను గుర్తించడం ఎలా?

సంక్రాంతి ఇంకా రాకముందే బాల్కనీలోని కరివేపాకు మొక్క చుట్టూ కామన్ మార్మన్ అనే నల్లని సీతాకోకచిలుక తిరుగుతూ కనిపిస్తే, ఈ ఏడాది చలి తగ్గిందనీ, సీతాకోకచిలుకలు అప్పుడే వచ్చేశాయనీ మనకు అనిపిస్తుంది. అది నిజమో కాదో తేల్చడం బెంగళూరులో కొంచెం కష్టం. బ్రిటన్‌లో బ్రిమ్‌స్టోన్ అనే పసుపుపచ్చ సీతాకోకచిలుక చలికాలమంతా ఐవీ వంటి తీగల ఆకుల మధ్య కదలకుండా ఉండి, ఎండ వెచ్చబడ్డాక బయటికి వస్తుంది కాబట్టి, జనవరిలో అది ఎగిరితే అక్కడివారికి అదొక విశేషం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మన నగరంలో ఏ నెలలోనైనా ఏదో ఒక జాతి ఎగురుతూనే ఉంటుంది. అందువల్ల కనిపించిందన్న ఒక్క మాట ఇక్కడ సరిపోదు. అది ఏ జాతిదో, ఈమధ్యే ప్యూపా (గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గూడు దశ) నుంచి వెలువడిందో లేక నవంబరు నుంచి బతికి ఉన్నదో, ఆ రోజుల్లో ఎండ ఎలా కాసిందో కూడా తెలియాలి.

ముందుగా వాతావరణాన్ని సరిగ్గా చదవడం నేర్చుకోవాలి. జనవరిలో బెంగళూరు రాత్రులు సాధారణంగా 15, 16 డిగ్రీల దగ్గర, పగళ్లు 27, 28 డిగ్రీల దగ్గర ఉంటాయి. 1884 జనవరి 13న నమోదైన 7.8 డిగ్రీలు ఈ నగరంలో ఇప్పటికీ కనిష్ఠ రికార్డు. సీతాకోకచిలుకకు మనలాగా నిలకడైన ఒంటి వేడి ఉండదు. ఎగరాలంటే దాని రెక్కల కండరాలు దాదాపు 30 డిగ్రీలకు చేరాలి, ఆ వేడిని అది ప్రధానంగా ఎండ నుంచే తెచ్చుకుంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి మబ్బు కమ్మినప్పుడు మన రాత్రులు వెచ్చబడతాయి గానీ పగలు ఎండ రాదు. పత్రికలో కనిష్ఠ ఉష్ణోగ్రత మాత్రమే చూసి వెచ్చని వారమని మనం అనుకున్నది, సీతాకోకచిలుకలు ఆకుల చాటు నుంచి కదలలేని వారం కావచ్చు. కాబట్టి కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాసుకుని, వాటి పక్కనే ఆ పూట ఎండ కాసిందో లేదో కూడా రాయండి.

తెల్లవారుజామున పొగమంచులో బయలుదేరడం వృథా. ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం పన్నెండు వరకు వెతకడం మంచిది. తొలి గంటలో అవి చలి కాగుతుంటాయి గనుక దగ్గరగా చూడవచ్చు. ప్యాన్సీలనే సీతాకోకచిలుకలు నేల మీదా రాళ్ల మీదా రెక్కలు పూర్తిగా పరుస్తాయి. గ్రాస్ ఎల్లోలనే చిన్న పసుపుపచ్చ సీతాకోకచిలుకలు రెక్కలు ముడిచి ఒక పక్కకు ఒరిగి ఎండకు ఒడ్డుతాయి. మీ నీడ వాటి మీద పడకుండా నడవండి. నీడ పడితే అవి వెంటనే లేచిపోతాయి.

లాల్‌బాగ్, కబ్బన్ పార్క్, దొరెసానిపాళ్య, తురహళ్లి అడవి, లేదా మీ అపార్ట్‌మెంటు వెనుక గడ్డి చామంతి విరగబూసిన ఖాళీ స్థలం, వీటిలో ఏదైనా సరే, ఒకే దారిని ఎంచుకుని వారానికొకసారి నడవండి. రోజుకొక చోటికి వెళితే పోల్చడానికి ఏమీ మిగలదు. బ్రిటన్‌లో 1976 నుంచి జరుగుతున్న సీతాకోకచిలుకల లెక్కింపులో పాటించే పద్ధతి మనకూ పనికొస్తుంది: ఒకే దారిలో నిదానంగా నడుస్తూ, ఇరువైపులా రెండున్నర మీటర్ల లోపు, ముందు ఐదు మీటర్ల లోపు కనిపించినవాటినే లెక్కపెట్టాలి.

ఇక అసలు పరీక్ష రెక్కలది. అంచులు చెదరకుండా, రంగు నిండుగా, పొలుసులు రాలకుండా ఉంటే అది కొత్తగా వెలువడినదని భావించవచ్చు. అంచులు చిరిగి, రంగు వెలిసి, పిట్ట పొడిచిన గాట్లు ఉంటే అది పాతది. కామన్ క్రో, బ్లూ టైగర్ వంటివి నెలల తరబడి బతకగలవు, పైగా తూర్పు, పడమటి కనుమల మధ్య వలస వెళ్తాయి. జనవరిలో అవి కనిపించినంత మాత్రాన ముందుగా వచ్చాయని చెప్పడం సరికాదని నా అభిప్రాయం. కరివేపాకు మీద పెరిగే మార్మన్, నిమ్మ జాతి మొక్కల మీద పెరిగే లైమ్ బటర్‌ఫ్లై, రేల, తంగేడు ఆకులు తినే ఎమిగ్రెంట్‌ల సంగతి వేరు. వాటి కొత్త రెక్కలు ఆ చుట్టుపక్కలే పెరిగి వచ్చాయని నమ్మడానికి ఎక్కువ ఆధారమిస్తాయి.

పీకాక్ ప్యాన్సీ, ఈవెనింగ్ బ్రౌన్ కనిపిస్తే ఇంకొంచెం సేపు ఆగండి. వానాకాలంలో పెరిగినవాటి రెక్కల అడుగున కళ్లలాంటి చుక్కలు స్పష్టంగా ఉంటాయి. పొడికాలంలో పెరిగినవి ఎండుటాకును పోలి ఉంటాయి. ఈ తేడా గొంగళిపురుగుగా ఉన్నప్పటి వేడి, తేమలను బట్టి ఏర్పడుతుంది. అందుచేత చుక్కలు స్పష్టంగా ఉండి, రెక్కలు సరికొత్తగా ఉన్నది జనవరిలో దొరికితే, గడచిన వారాలు నిజంగానే అసాధారణంగా ఉన్నాయనడానికి అది విలువైన ఆధారం. అడుగుభాగం ఫొటో తప్పక తీయండి.

రెక్కలున్నవాటితో ఆగకుండా ఆకులు కూడా తిరగేయండి. రథసప్తమి స్నానానికి జిల్లేడు ఆకులు కోసేటప్పుడు ప్రతి ఆకు అడుగునా చూడండి: ప్లెయిన్ టైగర్ గుడ్లు అక్కడే ఒక్కొక్కటిగా ఉంటాయి, నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు కూడా అక్కడే మేస్తుంది. పురుగున్న ఆకును వదిలి మరొకటి కోసుకోండి. వెచ్చదనం పెరిగితే గుడ్డు నుంచి రెక్కలదాకా పట్టే కాలం తగ్గుతుంది. అందువల్ల ఒకే మొక్క మీద గుడ్డు కనిపించిన తేదీ, ప్యూపా కట్టిన తేదీ, రెక్కలు విచ్చిన తేదీ ఏటేటా రాసి ఉంచితే చలికాలపు తీరు ఆ తేదీల మధ్య ఎడంలోనే తెలుస్తుంది. ప్యూపాను వంటింట్లోకి తెచ్చి పెట్టకండి. పొయ్యి వేడికి అది ముందుగా విచ్చుకుంటే ఆ తేదీ పోలికకు పనికిరాదు. భోగి మంటకు ఎండుటాకులు ఊడ్చేవారు తోట మూలల్లోని కుప్పలను వదిలేయాలని వేడుకుంటున్నాను, ఎందుకంటే ఈవెనింగ్ బ్రౌన్ పగలంతా ఆ ఆకుల్లోనే దాగి ఉంటుంది.

పుస్తకంలో తేదీ, గంట, చోటు, జాతి, సంఖ్య, రెక్కల స్థితి, అది చేస్తున్న పని రాయండి. జాతి తేలకపోతే ఊహించి పేరు పెట్టకుండా ఫొటోను ఐనాచురలిస్ట్ (జీవజాతులను గుర్తించడంలో ఒకరికొకరు సాయపడే వెబ్‌సైట్)‌లో ఉంచి, ఇతరులు గుర్తించేదాకా ఆగండి. ఒక్కటీ కనిపించని రోజున కూడా తేదీ వేసి సున్నా రాయండి; వచ్చే జనవరిలో మీరు చూసిన మార్మన్ నిజంగా తొందరపడిందా అన్నది ఆ సున్నాలను బట్టే తేలుతుంది.