డోసులు సరిగ్గా ఎంచుకున్నామా? డి-ఆప్టిమల్ పరీక్ష చేసే తీరు

అనంతపురం ఎర్రనేలలో వేరుశనగకు ఎకరాకు 0 నుంచి 400 కిలోల వరకు జిప్సం వేసి చూస్తున్నారనుకుందాం. దిగుబడి వర్గ సమీకరణాన్ని అనుసరిస్తే లెక్కగట్టాల్సిన గుణకాలు 3. కీఫర్, వోల్ఫోవిట్జ్ 1960లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, ప్రామాణీకరించిన అంచనా వేరియన్స్ (ఒక డోసు దగ్గర దిగుబడి అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) డోసుల పరిధిలో ఎక్కడా 3 దాటకపోతేనే ఆ డిజైన్ (ఏ డోసుకు ఎన్ని మడులన్న పంపకం) డి-ఆప్టిమల్, అంటే గుణకాలన్నిటినీ కలిపి అత్యంత కచ్చితంగా లెక్కగట్టేది.

డోసులోంచి 200 తీసేసి, మిగిలినదాన్ని 200తో భాగించండి. వచ్చిన విలువ 'క', −1 నుంచి 1 వరకు ఉంటుంది. ప్రతి డోసుకూ (1, క, క²) వరుస రాసి, దాన్ని నిలువుగానూ అడ్డంగానూ పెట్టి గుణించి, మడుల వాటా ప్రకారం కూడితే సమాచార మాత్రిక వస్తుంది; దాని విలోమం తీయండి. ఆ విలోమానికి రెండు వైపులా ఒక డోసు వరుసను పెట్టి గుణిస్తే ఆ డోసు దగ్గరి వేరియన్స్ తెలుస్తుంది. 0, 200, 400 కిలోలకు మూడోవంతు చొప్పున మడులిస్తే వేరియన్స్ 3 − 4.5క² + 4.5క⁴ వస్తుంది. ఆ మూడు డోసుల దగ్గరే అది 3ను తాకుతుంది, మిగతాచోట్ల తక్కువే. అంటే ఈ డిజైన్ పరీక్షలో నెగ్గింది.

చాలామంది వాడే 0, 100, 200, 300, 400 సమాన పంపకంలో చివరి డోసుల దగ్గర వేరియన్స్ 4.43కు చేరుతుంది. డి-ఆప్టిమల్ డిజైన్‌తో పోలిస్తే దాని సామర్థ్యం సుమారు 84 శాతమే.

అయితే మూడే డోసులుంటే వక్రరేఖ ఆకారం తప్పైనా బయటపడదు. అందుకే 100, 300 దగ్గర కొన్ని మడులు తప్పక ఉంచాలని మా గట్టి సలహా. వాలు నేలైతే బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకులో చీటీలు తీసి డోసులు కేటాయించండి.