కోట తోటకు కుక్కపిల్లతో వెళ్తున్నారా?

పర్లాకిమిడిలో గజపతుల కోట వైపో, బృందావన్ ప్యాలెస్ వైపో ఇంటిల్లిపాదీ బయలుదేరుతూ కుక్కపిల్లనూ వెంట తీసుకెళ్లాలనుకుంటే, ముందు దాని టీకాల కార్డు చూడండి. పార్వో (కుక్కపిల్లలకు ప్రాణం మీదికి తెచ్చే వాంతులు, విరేచనాల వైరస్) టీకా ఒక్క మోతాదుతో సరిపోదు. 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా విడతలుగా వేయించాలి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. వీధికుక్కలు తిరిగే పాత ప్రాంగణంలో మట్టి వాసన చూడటమే పిల్లకు పెద్ద ముప్పు. టీకాలు పూర్తికాకపోతే కిందికి దించకుండా ఎత్తుకునే తిప్పండి. పాపం, దానికి అదీ విహారమే.

పాత గోడల పక్కన నిలిచిన నీటిని అసలు తాగనివ్వకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకుతుంది, అది మనుషులకూ వస్తుంది. ఇంటి నీళ్లు, ఒక గిన్నె సంచిలో ఉంచుకోండి.

ఎండాకాలంలో రాతి మెట్ల మీద మీ అరచేతిని ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలూ కాలుతాయి. పావురాలు ఎగరగానే ఉరికే వయసది కాబట్టి మెడపట్టీ కన్నా ఛాతీకి కట్టే పట్టీ మంచిది. లోపలికి రానిస్తారో లేదో కాపలాదారును ముందే అడగండి. ఇంటికి రాగానే చెవుల వెనక, కాలివేళ్ల మధ్య పిడుదుల కోసం వెతకండి.