మూలనపడ్డ పెట్రోల్ లాన్ మోవర్: తొలకరికి ముందు బాగుచేసేటప్పుడు జాగ్రత్తలు

షెడ్డులోంచి బయటికి తీసే ముందు డెక్ (బ్లేడును కప్పి ఉంచే తొడుగు) కింద కర్రతో ఓసారి తట్టి చూడండి. ఎండాకాలమంతా కదలని మోవర్ కింద పాములూ తేళ్లూ చేరతాయి.

తర్వాత మొదటి పని స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, మళ్లీ ప్లగ్గుకు తగలకుండా పక్కకు కట్టేయడం. చాలా మోవర్లలో బ్లేడు నేరుగా ఇంజిన్ తిప్పే ఇరుసుకే, అంటే క్రాంక్ షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది. బ్లేడును చేత్తో తిప్పినా ఇంజిన్ అందుకోవచ్చు. ట్యాంకు ఖాళీగానే ఉందిగా అనుకోవద్దు, కార్బురేటర్‌లో (పెట్రోలును గాలితో కలిపే భాగం) మిగిలిన కాస్త పెట్రోలు చాలు వేళ్లు తెగడానికి.

పాత పెట్రోలును ఆరుబయట, నిప్పుకు దూరంగా, డబ్బాలోకి తీసేయండి. దాంట్లోని ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవుంటే నీరు అడుగుకు చేరి కార్బురేటర్ గిన్నె తుప్పుపడుతుంది, పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం, అంటే జెట్, జిగురుతో పూడుకుపోతుంది. కొత్తది కలిపి సరిపెట్టడం దండగ. పెట్రోలు పైపు బిరుసెక్కి పగుళ్లిస్తే మార్చండి, వేడి సైలెన్సర్ మీద చుక్క పడితే మంటే.

పక్కకు వాల్చేటప్పుడు కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి. లేదంటే ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్‌లోకీ సిలిండర్‌లోకీ దిగుతుంది. అప్పుడు స్టార్ట్ చేసే తాడు కదలదు. బలంగా లాగి కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌కు కలిపే కడ్డీ) వంచుకోకుండా, ప్లగ్ విప్పి, మొహం పక్కకు పెట్టి మెల్లగా లాగితే ఆయిల్ బయటికొస్తుంది.

బ్లేడు విప్పేటప్పుడు తోలు గ్లౌజులు వేసుకుని, తిరగకుండా చెక్కముక్క అడ్డం పెట్టండి. పగులో వంపో ఉంటే కొత్తదే వేయాలి. వెల్డింగ్ చేయించిన బ్లేడు ఊడితే తూటాతో సమానం. సాన పట్టాక మధ్య రంధ్రాన్ని మేకుకు తగిలించండి. ఏ వైపు కిందికి వాలితే అక్కడ ఇంకాస్త అరగదీయాలి.

స్టార్ట్ చేస్తుంటే తాడు చేతిని వెనక్కి గుంజుతోందా? ఎప్పుడో బ్లేడు రాయికి తగిలి ఫ్లైవీల్ కీ (ఇంజిన్ చక్రాన్ని క్రాంక్ షాఫ్ట్ మీద కదలకుండా పట్టి ఉంచే చిన్న ముక్క) సగం తెగి ఉండొచ్చు. ఆ కీని మెత్తటి లోహంతో చేసేదే దెబ్బను అది తీసుకోవాలని. దాని చోట ఉక్కుముక్క దూర్చొద్దు.

ప్లగ్ గ్యాప్, అంటే నిప్పురవ్వ దూకే సందు, చాలా ఇంజిన్లకు 0.7 నుంచి 0.8 మి.మీ. ఫోర్ స్ట్రోక్ చిన్న ఇంజిన్లలో సుమారు అరలీటరు ఎస్ఏఈ 30 ఆయిల్ పడుతుంది. ఆయిల్ కొలిచే పుల్ల మీది గుర్తు దాటి పోయొద్దు.

తొలిసారి ఆరుబయట, కంకర లేని చోట, పిల్లలను దూరంగా పంపి స్టార్ట్ చేయండి. హ్యాండిల్ లివర్ వదిలాక 3 సెకన్లలో బ్లేడు ఆగాలి. ఆగకపోతే బ్రేకు బాగయ్యేదాకా గడ్డి మీదికి తీసుకెళ్లొద్దు. లివర్‌ను తాడుతో కట్టేసే తోటమాలి ఉంటే ఆ తాడు ముందు విప్పించండి.