అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా హోమ్‌బ్రూ
మద్దిలపాలెంలోని మా ల్యాబ్ లినక్స్ మెషీన్లలో పిల్లలకు అడ్మిన్ హక్కులుండవు. అందుకే సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేసే హోమ్‌బ్రూ అనే టూల్‌ని వాళ్ల హోమ్ ఫోల్డర్‌లోకే గిట్‌తో క్లోన్ (కాపీ) చేయించి, దాని బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో, అంటే కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితాలో, అన్నిటికంటే ముందు పెట్టిస్తాను.

అసలు పని తర్వాతే. బాటిల్స్ అనే రెడీమేడ్ ప్యాకేజీలు హోమ్‌బ్రూ డీఫాల్ట్ డైరెక్టరీ కోసం తయారవుతాయి. చాలావాటిలో ఆ దారి బైనరీలోనే (కంపైలైన ఫైల్‌లోనే) రాసి ఉంటుంది. చోటు మారిస్తే వాటిని సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసుకోవాల్సిందే. జీసీసీ కంపైలర్ లాంటిదైతే గంటలు పడుతుంది, టెన్షన్ పడకండి. మన మే నెల ఉక్కపోతలో ల్యాప్‌టాప్ కాలిపోతుంటే, ఒకేసారి ఎన్ని కంపైల్ పనులు నడవాలో చెప్పే హోమ్‌బ్రూ మేక్ జాబ్స్ (HOMEBREW_MAKE_JOBS) వేరియబుల్‌ని 2కి తగ్గించండి.

హోమ్‌బ్రూ పెట్టే ఫోల్డర్ పేరులో స్పేస్‌లు వద్దు.

మీ సొంత ప్రోగ్రాం బిల్డ్ చేసేటప్పుడు లైబ్రరీలు ఎక్కడున్నాయో చూపే ప్యాకేజ్ కాన్ఫిగ్ పాత్ (PKG_CONFIG_PATH) వేరియబుల్‌ని కూడా కొత్త ఫోల్డర్ వైపు తిప్పండి. లేదంటే సిస్టమ్‌లోని పాత లైబ్రరీయే లింక్ అయిపోవచ్చు.