కాలిపోయిన ఫ్యూజిబుల్ రెసిస్టర్ స్థానంలో ఏం పెడుతున్నారు? వానల ముందు రిపేరు బల్ల దగ్గర జాగ్రత్తలు

గత వారం తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంట్లో, మూడు రోజుల ముందే రిపేరు చేయించిన టీవీ వెనుక నుంచి పొగ లేచి, పక్కనున్న కిటికీ తెర అంటుకుంది. ఇంట్లోవారు మెలకువగా ఉన్నందున ప్రాణాలు దక్కాయి. ఆ బోర్డును నా చేతికి తెచ్చి ఇచ్చారు. కరెంటు లోపలికి వచ్చే చోట కరెంటు హద్దు మీరితే తెగిపోయే ఒక వాట్ ఫ్యూజిబుల్ రెసిస్టర్ ఉండవలసింది పోయి, ఐదు వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఉంది. దాని కింద బోర్డు బొగ్గయింది. రెసిస్టర్ మాత్రం చెక్కుచెదరలేదు. మల్టీమీటరులో ఇప్పటికీ 10 ఓమ్‌లే చూపిస్తోంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. పిడుగులు పడినప్పుడు, పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు వోల్టేజీ ఎగసి, అడాప్టర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, టీవీ బోర్డులు వరసగా మన బల్లల మీదికి వస్తాయి. స్విచ్ ఆపి పని చేయాలని మీకు చెప్పనవసరం లేదు. నేను చెప్పదలచినది ఒకే తప్పు గురించి: ఫ్యూజిబుల్ రెసిస్టర్ పోయిన చోట ‘ఇంకా గట్టిది’ పెట్టడం.

ఫ్యూజిబుల్ రెసిస్టర్ మామూలు వేళ రెసిస్టర్‌గా పనిచేస్తుంది. కరెంటు హద్దు మీరినప్పుడు మంట లేకుండా తెగిపోతుంది. తెగిపోవడం దాని లోపం కాదు, దాని పని. లోపల సగం షార్ట్ అయిన భాగం వల్ల 10 ఓమ్‌ల గుండా ఒకటిన్నర ఆంపియర్ పోతోందనుకుందాం: కరెంటు వర్గాన్ని ఓమ్‌లతో గుణిస్తే 22.5 వాట్ల వేడి పుడుతుంది. ఒక వాట్ ఫ్యూజిబుల్ దానిని ఎంతోసేపు భరించక తెగిపోతుంది. ఐదు వాట్ల సిమెంట్ రెసిస్టర్ తెగకుండా నిలబడి, ఆ వేడినంతా బోర్డుకు, ప్లాస్టిక్‌కు, చివరికి తెరకు అందిస్తుంది. మామూలు రెసిస్టర్లకు వాటేజీ పెంచితే మేలని నేర్చుకున్న సూత్రమే ఇక్కడ ఇల్లు తగలబెడుతుంది.

కనుక ఎంపికలో ఓమ్‌లు, వాటేజీ, రకం మూడూ పాతదానివే ఉండాలి. బోర్డు మీద ఎఫ్‌ఆర్ లేదా ఆర్‌ఎఫ్ అని ఉన్నా, సర్వీస్ మాన్యువల్‌లో త్రికోణంలో ఆశ్చర్యార్థకం ఉన్నా, అది భద్రతా భాగమని గుర్తించండి. మాడిన రెసిస్టర్ రంగులను నమ్మకండి. వేడికి ఎరుపు గోధుమగా, నారింజ ఎరుపుగా కనిపించవచ్చు. మూడో గీత బంగారు రంగైతే పదో వంతు, వెండి రంగైతే వందో వంతు అని మరచిపోయి, 0.47 ఓమ్ చోట 47 ఓమ్‌లు పెట్టినవారిని చూశాను.

పరీక్షించే ముందు ఫిల్టర్ కెపాసిటర్‌ను ఖాళీ చేయండి. 230 వోల్టుల కరెంటు బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్లు) దాటాక దానిలో సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేయకుండా, బల్బు బిగించిన హోల్డరు తీగలతో దించి, తరువాత మీటరు పెట్టి చూడండి. రెసిస్టర్ ఒక కాలు ఊడదీసి కొలవండి. బోర్డులో ఉండగా పక్క దారులు కలిసి విలువ తక్కువ చూపించవచ్చు. చిన్న విలువలైతే ముందుగా ప్రోబులు రెండూ తాకించి, వచ్చిన అంకెను తీసివేయండి.

అయితే మీటరు ఓమ్‌లనే చెబుతుంది. అది నిజమైన ఫ్యూజిబులో, పైపూత మాత్రమే మార్చిన మామూలుదో చెప్పదు. కొత్త కట్ట తెచ్చినప్పుడు నేను ఒకదానిని బలి ఇస్తాను. 10 ఓమ్‌ల ఒక వాట్ రెసిస్టర్‌ను సిరామిక్ టైలు మీద పెట్టి, రక్షణ కళ్లద్దాలు ధరించి, బెంచి సప్లయి నుంచి 30 వోల్టులు ఇస్తే 90 వాట్లు పడతాయి. అసలైనది మంట లేకుండా తెగుతుంది. మంట లేస్తే ఆ కట్టంతా చెత్తబుట్టకే.

తెగిన రెసిస్టర్‌ను మార్చడంతో పని ముగియదు. బ్రిడ్జి డయోడ్లు, మోస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్), కెపాసిటర్ షార్ట్ అయ్యాయేమో చూడకుండా కొత్తది పెట్టకండి. మొదటిసారి సిరీస్ బల్బుతోనే (బోర్డుకు వెళ్లే కరెంటు దారిలో వరసగా కలిపిన బల్బు) కరెంటు ఇవ్వండి. బల్బు వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపండి. ఫ్యూజిబుల్ స్థానంలో తీగ ముక్క వద్దు. ఎన్‌టీసీ వద్దు, అది వేడెక్కేకొద్దీ ఓమ్‌లు తగ్గుతాయి, తెగదు. రెండు రెసిస్టర్లు పక్కపక్కన కలిపి విలువ కుదర్చవద్దు. వాటేజీ పెంచవద్దు. గ్రాహకుడు తొందరపెట్టినా పెంచవద్దు. రెసిస్టర్‌ను బోర్డుకు ఆనించకుండా కాస్త ఎత్తులో సోల్డర్ చేయండి. ఏం మార్చారో బిల్లు మీద రాయండి. సరైనది దొరకకపోతే చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి వచ్చేదాకా బోర్డును మీ దగ్గరే ఉంచుకోండి; ‘ఈ రాత్రికి మాత్రమే’ అని సిమెంట్ రెసిస్టర్ పెట్టి పంపకండి.