కుందేలు కాళ్లు పులుసుకి, నడుము వేపుడికి: ఇంగ్లండ్ చలికాలంలో వేట మాంసం వంట

అడవి కుందేలును బ్రాయిలర్ కోడిలా వండితే రబ్బరులా సాగుతుంది. పొట్టేలు మాంసంలా వండితే పొడిబారిపోతుంది, ఎందుకంటే దాని ఒంట్లో కొవ్వనేదే లేదు. బతికినన్నాళ్లూ పరిగెత్తిన జంతువు అది. మన పెరటి నాటుకోడిని ఎలా వండుతామో దీన్నీ అలాగే వండాలి: నూనె ధారాళంగా పోయాలి, మసాలా నూరి వేయాలి, సెగ తగ్గించి ఓపికగా ఉడికించాలి.

మాది అనంతపురం జిల్లా, ఉంటున్నది యార్క్‌షైర్‌లో. చలికాలం వచ్చిందంటే ఇక్కడి బుచర్ షాపుల ముందు ఫెజంట్ కోళ్లు ఈకలతోనే జంటలు జంటలుగా వేలాడుతుంటాయి. లోపల కుందేలు, జింక మాంసం, అడవి పావురాలు దొరుకుతాయి. మనవాళ్లు చాలామంది వాటిని వింతగా చూసి, పక్కనున్న చికెన్ కొనుక్కుని వెళ్లిపోతారు. ఇంత మంచి మాంసాన్ని వండటం తెలియక వదిలేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

వంట కంటే ముందు చట్టం సంగతి. మన దేశంలో అడవి కుందేలునూ జింకనూ వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఊళ్లో ఎవరో ఉచ్చు వేసి పట్టారని, తక్కువకి ఇస్తున్నారని తీసుకోకండి. అక్కడ ఉన్నవాళ్లు ఈ పద్ధతిని నాటుకోడికి, ఫారంలో పెంచిన కౌజు పిట్టలకి వాడుకోండి, చక్కగా కుదురుతుంది. బ్రిటన్‌లోనూ ఎప్పుడు పడితే అప్పుడు దొరకవు. ఇంగ్లండ్‌లో మార్చి నుంచి జూలై దాకా ఇక్కడి పెద్ద అడవి కుందేలును (హేర్) అమ్మకూడదని 1892 నాటి చట్టం ఉంది. ఫెజంట్ వేట అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 వరకే. నేనైతే నవంబర్, డిసెంబర్ నెలల్లోనే కొంటాను.

షాపులో రాబిట్, హేర్ రెండూ ఉంటాయి కాబట్టి అడిగేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పండి. రాబిట్ చిన్నది, మాంసం తెల్లగా ఉంటుంది, రుచి కోడికి దగ్గర. హేర్ మూడు నాలుగు కిలోలు తూగుతుంది. మాంసం ముదురు ఎరుపు, దాదాపు కార్జం రంగు. నేను చెప్పే వంట హేర్‌కి. తోలుతో ఉన్నదైతే చెవి అంచు పట్టుకుని చూడండి. మెత్తగా, ఇట్టే చిరిగేలా ఉంటే లేతది. చెవి గట్టిగా ఉండి గోళ్లు అరిగి మొద్దుబారి ఉంటే ముదురుది. ముదురుదైనా పరవాలేదు, ఇంకో గంట ఎక్కువ ఉడుకుతుంది, అంతే.

ఇక్కడ కుందేలును తోలు తీయకుండా చల్లని గదిలో కొన్ని రోజులు వేలాడదీస్తారు. దానివల్ల మాంసం మెత్తబడుతుంది, వాసన కూడా ఘాటెక్కుతుంది. మొదటిసారి వండేవాళ్లు రెండు మూడు రోజులకు మించి వేలాడదీయనిది అడగండి. మాంసం జిగటగా ఉన్నా, పొట్ట దగ్గర పచ్చబడినా, కుళ్లు వాసన కొట్టినా వద్దని చెప్పండి. తోలు తీసి ముక్కలు కొట్టే పని బుచర్‌కే వదిలేయడం మేలు. వెనక కాళ్లు రెండు, ముందు కాళ్లు రెండు, నడుము విడిగా, పక్కటెముకలు విడిగా ఇమ్మనండి. కార్జం కూడా తీసుకోండి, చేదు తిత్తి పగలకుండా తీసేశారో లేదో చూసుకోండి.

ఇంటికి తెచ్చాక నేను ఎక్కువ సమయం పెట్టేది నడుము మీదే. వెన్నుకి రెండు పక్కలా పొడవుగా ఉండే కండ మీద నీలి వెండి రంగులో ఒక పొర ఉంటుంది. పైన పలచగా ఒకటి, దాని కింద గట్టిగా ఇంకొకటి. పైది వేళ్లతో లాగితే వచ్చేస్తుంది. రెండోదానికి సన్నని పదునైన కత్తి కావాలి. ఒక చివర పొర కిందకి కత్తి మొన దూర్చి, లేచిన కొసను ఎడమ చేత్తో పట్టుకుని, కత్తి పదును మాంసం వైపు కాకుండా పొర వైపు కొంచెం వాల్చి ముందుకు తోయాలి. పొర రిబ్బన్‌లా ఊడి వస్తుంది, కింద నల్లెరుపు కండ నున్నగా కనపడుతుంది. పొర ఉంచేస్తే మూకుడులో పడగానే ముడుచుకుని ముక్కను వంకర తిప్పేస్తుంది, ఎంత నమిలినా తెగదు. తర్వాత కండను వెన్నెముక నుంచి విడదీసి పక్కన పెట్టండి. ఎముక పారేయొద్దు.

ముక్కలన్నీ వేళ్లతో తడిమి చూడండి. గుండు దిగిన చోట మాంసం నల్లగా కమిలి ఉంటుంది, వెంట్రుకలు కూడా లోపలికి పోయి ఉంటాయి. ఆ భాగం కోసి పారేయాలి. సీసం గుళ్లతో కొట్టిన మాంసాన్ని తరచుగా తినొద్దని, ముఖ్యంగా చిన్నపిల్లలు, గర్భిణులు, బిడ్డ కోసం చూస్తున్న ఆడవాళ్లు జాగ్రత్తగా ఉండాలని ఇక్కడి ఆహార ప్రమాణాల సంస్థ చెబుతుంది. మా ఇంట్లో పిల్లలకి పెట్టను. వాళ్లకి జింక మాంసం, అదీ ఫారంలో పెంచినదే.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. కాళ్లనూ నడుమునూ ఒకే గిన్నెలో వేయొద్దు. కాళ్లు రెండున్నర గంటలు ఉడికితేగానీ ఎముకను వదలవు. నడుము కండ అంతసేపు ఉడికితే పీచుపీచై పోతుంది. కుందేలు కూర బాగాలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది అంతా కలిపి వండినవాళ్లే.

కాళ్లు, పక్కటెముకలు కలిపి కిలో అనుకుందాం. ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పెరుగు వేయొద్దు, ఈ మాంసం రుచికి పెరుగు పొసగదని నా అభిప్రాయం. మర్నాడు రెండు పెద్ద చెంచాల ధనియాలు, చెంచా మిరియాలు, నాలుగు లవంగాలు, వేలెడు దాల్చినచెక్క, చిటికెడు రాతిపువ్వు దోరగా వేయించండి. చివర్లో పెద్ద చెంచా గసగసాలు, గుప్పెడు ఎండుకొబ్బరి వేసి దించి, చల్లారాక నీళ్లు చిలకరించి మెత్తగా రుబ్బండి. ఏలకులు, జాజికాయ, బిర్యానీ మసాలా ఏవీ వద్దు. వాసన చంపేయాలని మసాలా గుప్పిస్తే కుందేలు కొనడమెందుకు?

అడుగు మందంగా ఉన్న గిన్నెలో ఐదు పెద్ద చెంచాల వేరుశనగ నూనె కాగాక ముక్కల్ని కొన్ని కొన్నిగా వేసి, అన్ని వైపులా ఎర్రబడే దాకా వేయించి తీయండి. అదే నూనెలో మూడు ఉల్లిపాయల తరుగు, కరివేపాకు వేసి, ఉల్లి బాగా ఎర్రగా వేగాక మూడు చెంచాల కారం, వెంటనే ముక్కలు వేసి కలపండి. అర లీటరు వేడినీళ్లు పోసి మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేయండి. మధ్యమధ్యలో చూసి నీళ్లు తగ్గితే వేడినీళ్లే పోయాలి. కుక్కర్‌లోనైతే సెగ తగ్గించి అరగంట. ముక్క మెత్తబడ్డాకే రుబ్బిన మసాలా, నిమ్మకాయంత చింతపండు పులుసు వేయాలి. ఇంకో ఇరవై నిమిషాలకు నూనె పైకి తేలుతుంది. ఇంగ్లీషువాళ్ల పాత వంటలో గ్రేవీ చిక్కబడటానికి చివర్లో కుందేలు నెత్తురు కలుపుతారు. మన సీమలో నల్ల (నెత్తురు) వండుకు తినేవాళ్లకి అదేమీ వింత కాదు. ఈ పులుసుకి మాత్రం గసగసాలు, కొబ్బరి ఆ పని చేసేస్తాయి.

నడుము కండను వేలు మందం ముక్కలుగా కోసి ఉప్పు, పసుపు, దంచిన మిరియాలు, కారం పట్టించి అరగంట ఉంచండి. మూకుడు బాగా కాగాక నూనె, చెంచా నెయ్యి, చిదిపిన వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు వేసి, పెద్ద సెగ మీద ముక్కల్ని ఐదారు నిమిషాలు తిప్పుతూ వేయించండి. కార్జం కూడా చివర్లో ఇందులోనే వేసి ఉడకనివ్వండి. ఇక్కడివాళ్లు ఈ ముక్కను లోపల గులాబీ రంగులో ఉండగానే తింటారు. నేను పూర్తిగా ఉడికిస్తాను. థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 75 డిగ్రీలు చూపగానే దించేయండి, ఆ పైన ప్రతి నిమిషం ముక్క ఎండిపోతుంది. అమెరికాలో స్నేహితులు వేటాడి ఇచ్చిన కుందేలైతే కోసేటప్పుడు చేతికి గ్లౌజులు తప్పనిసరి. అక్కడి కుందేళ్ల నుంచి ట్యులరీమియా అనే జబ్బు సోకవచ్చు.

ఫెజంట్‌కీ ఇదే సూత్రం. రొమ్ము వేపుడికి, కాళ్లు పులుసుకి. పెట్ట అయితే కాస్త కొవ్వు ఉంటుంది, లేతగా ఉంటుంది. పుంజు కాళ్లలో గట్టి నరాలు పుల్లల్లా ఉంటాయి, ఉడికాక లాగేయాలి. పావురానికి రొమ్ము తప్ప పెద్దగా మాంసం ఉండదు, మిరియాల వేపుడు చాలు.

జింక మాంసంలో భుజం ముక్కలు తీసుకోండి, గోంగూరతో దానికి జోడీ కుదిరినట్టు ఇంక దేనికీ కుదరదు. తాజా గోంగూర దొరక్కపోతే ఇండియన్ షాపులో ఫ్రోజెన్ తెచ్చుకోండి. మాంసం గంటన్నర ఉడికి మెత్తబడ్డాక, నూనెలో విడిగా మగ్గించిన గోంగూర కలిపి పది నిమిషాలు ఉంచితే సరి.

కుందేలు పులుసు వండిన రోజు కంటే మర్నాడే బాగుంటుంది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు కుతకుతలాడేలా మరిగించి, వేడివేడి రాగిసంగటి ముద్దలో గుంట చేసి పోసుకోండి. సంగటికి పిండి, నూక బియ్యం రెండూ ఇక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. దాచిపెట్టిన వెన్నెముకను మిరియాలు, ఉల్లిపాయ, రెండు టమాటాలతో గంటసేపు మరిగించి వడకడితే రెండో పూటకి చారు.