అలారం ప్యానెల్‌లో వాడని జోన్లు: మూసెయ్యడం ఎలా, వాడుకోవడం ఎలా

దొంగల అలారంలో సెన్సార్ల వైర్లన్నీ వచ్చి చేరే డబ్బాయే ప్యానెల్, ఒక్కో సెన్సార్ లైనుకి అందులో ఉండే చోటే జోన్. ఎనిమిది జోన్ల ప్యానెల్ పెట్టించుకుని మూడో నాలుగో సెన్సార్లతో సరిపెట్టుకున్న ఇళ్లే ఎక్కువ. మిగతా జోన్లకి వైరే లాగలేదు కదా వాటితో మనకేం పని అనుకుంటాం, తీరా ప్యానెల్ రీసెట్ చేసినప్పుడో బోర్డు మార్చినప్పుడో రెడీ లైటు వెలగదు, కీప్యాడ్ మీద జోన్ 6 ఓపెన్, జోన్ 7 ఓపెన్ అని వస్తుంది, సిస్టమ్ ఆర్మ్ అవ్వదు, అంటే కాపలా మొదలవ్వదు. అప్పుడు చాలామంది చేసేది బైపాస్ కొట్టడం, అంటే ఈసారికి ఆ జోన్‌ని వదిలెయ్యమని చెప్పడం. అది ఆ పూటకి పనికొస్తుంది గానీ మామూలుగా డిసార్మ్ చెయ్యగానే బైపాస్ పోతుంది, మళ్లీ ఆర్మ్ చేసేటప్పుడు మళ్లీ కొట్టుకోవాలి, ఇంట్లో పెద్దవాళ్లకి అది నేర్పించడం ఇంకో పని.

అసలు ప్యానెల్‌కి అటువైపు సెన్సార్ ఉందో లేదో తెలీదు. జోన్ స్క్రూకి, కామన్ స్క్రూకి (బోర్డు మీద కామ్ అని ఉంటుంది) మధ్య ఎంత రెసిస్టెన్స్ ఉందో కొలుస్తుంది, అంతే. ఈఓఎల్ అంటే ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ పద్ధతిలో సెట్ చేసిన జోన్ అయితే దానికి ఫలానా విలువ కనిపించాలి, కనిపిస్తే మూసి ఉన్నట్టు, వైర్ తెగి అసలేమీ కనిపించకపోతే ఓపెన్, రెండు వైర్లు తగిలేసి సున్నా కనిపించినా అదీ తేడానే. ఖాళీ జోన్‌లో ఏమీ లేదు కాబట్టి దాని లెక్కలో అది తలుపు తెరిచి ఉన్నట్టే. అందుకే దార్లు రెండే, ప్రోగ్రామింగ్‌లో ఈ జోన్ లేదు అని చెప్పెయ్యడం, లేదా అది ఎదురుచూసే రెసిస్టర్‌ని దానికి చూపించడం. నా మటుకు నేను మొదటిదే చెయ్యమంటాను, రెండోది ప్యానెల్‌ని మోసం చేసినట్టు, రేపు ఇంకొకళ్లు డబ్బా తెరిచి చూస్తే ఆ జోన్‌లో ఏదో సెన్సార్ ఉందనుకుంటారు.

మూత తీసేముందు

మానిటరింగ్ (అలారం సిగ్నల్స్ బయటి నుంచి చూసుకునే కంపెనీ) ఉంటే ముందు వాళ్లకి ఫోన్ చేసి అకౌంట్‌ని టెస్ట్‌లో పెట్టమనండి, లేకపోతే మూత తియ్యగానే ట్యాంపర్ సిగ్నల్ (డబ్బాని ఎవరో కదిపారని) వాళ్లకి వెళ్తుంది. సైరన్ కూడా మోగచ్చు, కాబట్టి ఇన్‌స్టాలర్ మోడ్‌లోకి వెళ్లాకే మూత తీస్తే గోల ఉండదు. ఇన్‌స్టాలర్ కోడ్ అంటే మీరు రోజూ కొట్టే నాలుగంకెల కోడ్ కాదు, ప్యానెల్ సెట్టింగులు మార్చడానికి వాడే వేరేది. డీఎస్‌సీ కంపెనీ పవర్ సిరీస్ ప్యానెళ్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చేది 5555, హనీవెల్ విస్టా 20పీలో 4112. పెట్టినవాళ్లు మార్చేసి ఉంటే వాళ్లనే అడగాలి.

వైర్లు కదిపే పనికి మాత్రం కరెంట్ తీసెయ్యండి. ముందు ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్, తర్వాత 12 వోల్టుల బ్యాటరీ ఎర్ర వైరు. జోన్ వైర్లలో షాక్ కొట్టేంత కరెంట్ ఉండదు గానీ బ్యాటరీ టెర్మినల్స్ మీద స్క్రూడ్రైవర్ అడ్డంగా పడితే నిప్పురవ్వలు లేస్తాయి, బోర్డు కూడా పోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా లోపలే ఉండి దానికి నేరుగా మెయిన్స్ వైరు వచ్చి ఉంటే మెయిన్ స్విచ్ దగ్గరే ఆపెయ్యండి, ఆ వైపు చెయ్యి పెట్టకండి. ఇంకోటి, ఏ వైరైనా విప్పేముందు ఫోన్‌తో రెండు మూడు ఫోటోలు తీసుకోండి, స్క్రూల మీద రాసిన అక్షరాలు కనపడేంత దగ్గరగా.

ప్రోగ్రామింగ్‌లో జోన్‌ని తీసెయ్యడం

డీఎస్‌సీ పవర్ సిరీస్ 1616, 1832, 1864 బోర్డులు మూడింట్లోనూ పద్ధతి ఒకటే. స్టార్, 8, తర్వాత ఇన్‌స్టాలర్ కోడ్ కొడితే లోపలికి వెళ్తారు. సెక్షన్ 001లో జోన్ 1 నుంచి 8 వరకు వరసగా ఒక్కోదానికి రెండంకెలు ఉంటాయి, 01 అంటే ఎంట్రీ డిలే (లోపలికొచ్చి కోడ్ కొట్టడానికి కాస్త టైమిచ్చేది), 03 అంటే ఇన్‌స్టంట్ (వెంటనే మోగేది), 04 ఇంటీరియర్ (ఇంటి లోపలి సెన్సార్లకి), 00 అంటే జోన్ వాడట్లేదు అని. జోన్ 6, 7, 8 ఖాళీ అయితే ఆ మూడు చోట్లా 00 ఉండాలి. ఇక్కడ జాగ్రత్త, ఎల్‌సీడీ లేని కీప్యాడ్ అయితే మీరు ఎక్కడున్నారో తెలీదు, మొదటి జోన్ నుంచి కొట్టుకుంటూ రావాలి, మధ్యలో లెక్క తప్పితే బెడ్‌రూమ్ జోన్ టైపు మారిపోతుంది, కాబట్టి ముందు కాగితం మీద ఎనిమిదింటికీ రాసుకుని చూసి కొట్టండి. తర్వాత సెక్షన్ 202లో పార్టిషన్ 1కి (కలిపి ఆర్మ్ అయ్యే జోన్ల గుంపు) ఏ జోన్లు చెందుతాయో ఉంటుంది, అక్కడ కూడా 6, 7, 8 ఆఫ్ చెయ్యండి. హ్యాష్ కొట్టి బయటికి వచ్చెయ్యడమే.

విస్టా 20పీలో ఇన్‌స్టాలర్ కోడ్, 800 కొట్టి లోపలికి వెళ్లాక స్టార్ 56, అక్కడ జోన్ నంబర్ ఇచ్చి జోన్ టైపు 00 చేస్తే అయిపోయింది. ఇది చాలా నయం, ఒక్కో జోన్ విడిగా అడుగుతుంది. బయటికి వచ్చేటప్పుడు స్టార్ 99 కొట్టండి, స్టార్ 98 కొట్టకండి, 98 కొడితే మళ్లీ కోడ్‌తో లోపలికి రానివ్వదు, కరెంట్ తీసి పెట్టి వెంటనే కీప్యాడ్ మీద స్టార్, హ్యాష్ కలిపి నొక్కే తిప్పలు పడాలి.

వేరే కంపెనీ ప్యానెల్ అయితే మెనూ పేర్లు మారతాయి గానీ వెతకాల్సింది ఒకటే, జోన్ టైపు అనే చోట నాట్ యూజ్డ్ లేదా డిసేబుల్డ్. ఏం చేసినా సరే పొగ డిటెక్టర్ ఉన్న జోన్‌ని మాత్రం ముట్టుకోకండి, అది ట్రబుల్ చూపిస్తుంటే ట్రబుల్ ఎందుకో చూడాలి గానీ జోన్ తీసెయ్యకూడదు.

రెసిస్టర్ పెట్టి మూసెయ్యడం

ఇన్‌స్టాలర్ కోడ్ దొరకట్లేదు, ఈ రాత్రికి ఆర్మ్ అవ్వాలి అనుకుంటే ఇదే దారి. ఖాళీ జోన్ స్క్రూకి, దాని పక్కన కామన్‌కి మధ్య రెసిస్టర్ బిగించెయ్యండి. దానికి ప్లస్ మైనస్ ఉండవు, ఎటు పెట్టినా పర్లేదు. విలువ మాత్రం ఆ ప్యానెల్‌కి సరిపోయేదే కావాలి. డీఎస్‌సీ పవర్ సిరీస్‌కి 5.6 కిలో ఓములు, అంటే ఆకుపచ్చ, నీలం, ఎరుపు గీతలు. విస్టా 20పీకి 2 కిలో ఓములు, ఎరుపు, నలుపు, ఎరుపు. పారడాక్స్ స్పెక్ట్రాకి 1 కిలో, గోధుమరంగు, నలుపు, ఎరుపు. ప్యానెల్ కొన్నప్పుడు డబ్బాలో చిన్న కవర్లో ఇవి గుప్పెడు ఇస్తారు, చాలా ఇళ్లల్లో ఆ కవర్ ప్యానెల్ లోపలే అడుగున పడి ఉంటుంది, కొనేముందు అక్కడ చూడండి.

రెసిస్టర్ ఎందుకు, వైరు ముక్కతో కలిపేస్తే పోలా అని ఒకటి వినిపిస్తుంటుంది. ప్యానెల్ ఎన్‌సీ అంటే నార్మల్లీ క్లోజ్డ్ లూప్‌గా, రెసిస్టర్ లేకుండా వైరు కలిసి ఉంటే చాలు మూసి ఉన్నట్టు లెక్కపెట్టేలా సెట్ చేసి ఉంటే వైరు ముక్క చాలు (డీఎస్‌సీలో సెక్షన్ 013లో ఒకటో ఆప్షన్ ఆన్‌లో ఉంటే అలా ఉన్నట్టు). ఈఓఎల్‌లో ఉన్న జోన్‌కి వైరు ముక్క పెడితే షార్ట్ కనిపిస్తుంది, జోన్ మూసుకోదు. ఫైర్ జోన్‌లో పెడితే ఇంకా ఘోరం, అక్కడ షార్ట్ అంటేనే అలారం, సైరన్ మోగుతుంది.

ఖాళీ జోన్‌ని నిజంగా వాడుకోవడం

జోన్ ఖాళీగా ఉందంటే పెరటి తలుపుకి ఇంకో మ్యాగ్నెట్ సెన్సార్ పెట్టుకునే వీలుందన్నమాట, మూసేసే ముందు ఒకసారి ఆలోచించండి. మ్యాగ్నెట్ కాంటాక్ట్ (ఆ సెన్సార్‌లోని స్విచ్) అయితే రెండు వైర్లే. ఒకటి కామన్ నుంచి కాంటాక్ట్‌కి, కాంటాక్ట్ రెండో కొస నుంచి రెసిస్టర్, రెసిస్టర్ రెండో కొస నుంచి జోన్‌కి. రెసిస్టర్ తలుపు దగ్గరే, కాంటాక్ట్ పక్కనే ఉండాలి. పని తేలికని చాలామంది ప్యానెల్ డబ్బాలోనే స్క్రూ దగ్గర తగిలించేస్తారు, పైకి బాగానే పనిచేస్తుంది, తలుపు తెరిస్తే ఓపెన్, మూస్తే క్లోజ్. కానీ దార్లో ఎక్కడైనా రెండు వైర్లు నలిగి తగిలేస్తే, లేదా ఎవరైనా కావాలనే కలిపేస్తే, కాంటాక్ట్‌తో సంబంధం లేకుండా ప్యానెల్‌కి ఆ 5.6 కనిపిస్తూనే ఉంటుంది, తలుపు బార్లా తెరిచినా అంతా బాగుందనే అనుకుంటుంది. రెసిస్టర్ చివర ఉంటే అదే షార్ట్ వెంటనే బయటపడుతుంది, దాన్ని ఎండ్ ఆఫ్ లైన్ అన్నదే అందుకు.

ఒకే జోన్ మీద మూడు కిటికీలు పెట్టాలంటే మూడు కాంటాక్టులూ సిరీస్‌లో, ఒకదాని తర్వాత ఒకటి, రెసిస్టర్ ఆఖరిదాని దగ్గర. ఏ కిటికీ తెరిచి ఉందో కీప్యాడ్ చెప్పలేదు, జోన్ నంబర్ ఒక్కటే చెప్తుంది. ఖాళీ జోన్లు మిగిలే ఉన్నప్పుడు అలా ఎందుకు కలపడం, విడివిడిగా ఇవ్వండి.

మోషన్ సెన్సార్ అయితే నాలుగు వైర్లు, రెండు కరెంట్‌కి, రెండు జోన్‌కి. కరెంట్ బోర్డు మీద ఆక్స్ ప్లస్, ఆక్స్ మైనస్ అని ఉన్న స్క్రూల నుంచి తీసుకోవాలి, బ్యాటరీ నుంచి కాదు. సెన్సార్‌లోని రిలే (లోపలి స్విచ్) దానికి కరెంట్ ఉంటేనే మూసి ఉంటుంది, కాబట్టి కొత్తగా పెట్టిన మోషన్ జోన్ ఎప్పుడూ ఓపెన్‌గానే ఉంటే ముందు సెన్సార్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. ఆక్స్ నుంచి ఎంత లాగచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, కీప్యాడ్లు కూడా అందులోంచే లాగుతాయి, అన్నీ కూడి ఆ హద్దు దాటకుండా చూసుకోండి. డీఎస్‌సీలో ఇంకో సంగతి, కీప్యాడ్ వెనక కూడా ఒక జోన్ ఇన్‌పుట్ ఉంటుంది, సెక్షన్ 020లో దానికి జోన్ నంబర్ ఇస్తారు, అక్కడ 6 ఇచ్చి ఉంటే బోర్డు మీది జోన్ 6 స్క్రూలు ఇంక పనిచెయ్యవు. ఖాళీ అనుకున్న జోన్ ఎంతకీ మాట వినకపోతే ఇది కూడా చూడండి.

వైర్లు అయ్యాక ప్రోగ్రామింగ్‌లో 00 తీసేసి సరైన టైపు ఇవ్వాలి, 202లో ఆ జోన్‌ని మళ్లీ ఆన్ చెయ్యాలి, ఇది మర్చిపోయి గంటలు గంటలు వైర్లు పట్టుకు లాగేవాళ్లు ఉన్నారు. మీరు రోజూ లోపలికొచ్చే తలుపుకి డిలే, మిగతా తలుపులకీ కిటికీలకీ ఇన్‌స్టంట్, హాల్లో మోషన్ సెన్సార్‌కి ఇంటీరియర్. కీప్యాడ్ దాకా వెళ్లేదారిలో ఉన్న మోషన్ సెన్సార్‌కి ఇన్‌స్టంట్ ఇస్తే మీరు ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ సైరనే.

మీటర్ ఏం చెప్తుంది

జోన్ ఇంకా ఓపెన్ అనే అంటుంటే ఊహలు వద్దు, మల్టీమీటర్ తియ్యండి. కరెంట్ ఆపి, ఆ జోన్ వైర్లు రెండూ స్క్రూల నుంచి విప్పి, ఆ రెండు వైర్ల మధ్య ఓములు కొలవండి. బోర్డుకి తగిలి ఉండగా కొలిస్తే వచ్చే అంకె నమ్మడానికి లేదు. డీఎస్‌సీ లెక్కే తీసుకుంటే, మ్యాగ్నెట్ కాంటాక్ట్ జోన్‌లో తలుపు మూసి ఉండగా 5.6 కిలో దగ్గర్లో వస్తే వైరింగ్ బాగుంది, తప్పు ప్రోగ్రామింగ్‌లో ఉంది. ఏమీ రాకపోతే ఎక్కడో తెగింది లేదా మ్యాగ్నెట్ కాంటాక్ట్‌కి దూరంగా ఉంది. సున్నా వస్తే షార్ట్ అయ్యుండాలి, లేదా రెసిస్టర్ పెట్టడం మర్చిపోయి ఉండాలి.

తమాషా అంకెలు రెండున్నాయి. విప్పిన వైర్ల మీద 11.2 వస్తే లూప్‌లో సిరీస్‌లో రెండు రెసిస్టర్లు ఉన్నట్టు, రెండు చోట్ల ఇద్దరు పెట్టారన్నమాట, ఒకటి తీసెయ్యాలి. ఇక రెండూ ప్యారలల్‌లో (పక్కపక్కన) పడితే ప్యానెల్‌కి కనిపించేది 2.8. ఇది ఎక్కువగా ఖాళీ జోన్‌ని రెసిస్టర్‌తో మూసేసి తర్వాత అదే జోన్‌కి సెన్సార్ తగిలించినప్పుడు జరుగుతుంది, స్క్రూ కింద పాత రెసిస్టర్ అలాగే ఉండిపోతుంది, సెన్సార్ దగ్గర కొత్తది ఉంటుంది, ప్యానెల్‌కి మూసినప్పుడు 2.8, తలుపు తెరిస్తే 5.6. తిరగేసి పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, తలుపు తెరిస్తే క్లోజ్ అంటుంది. వైర్లు విప్పి కొలిస్తే 5.6 సరిగ్గానే వస్తుంది కాబట్టి బుర్ర తిరిగిపోతుంది, స్క్రూ దగ్గర పాతది ఉందేమో కంటితో చూడండి. (మీ ప్యానెల్ డబుల్ ఈఓఎల్‌లో ఉంటే మాత్రం లెక్క వేరు, అక్కడ రెండు రెసిస్టర్లు ఉండాలి, తలుపు మూస్తే 5.6, తెరిస్తే 11.2 రావడమే సరైనది.)

అన్నీ సరిచూసుకున్నాక డీఎస్‌సీలో ముందు బ్యాటరీ తగిలించి తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, బ్యాటరీ ఒక్కదానితో అది లేవదు, కంగారు పడకండి. మోషన్ సెన్సార్లు కుదురుకోడానికి ఒకటి రెండు నిమిషాలు ఇవ్వండి. తర్వాత ఒక్కో తలుపు తెరిచి మూసి కీప్యాడ్ మీద సరైన నంబరే వస్తుందో చూడండి, తర్వాత నిజంగా ఆర్మ్ చేసి కొత్త జోన్‌ని ఒకసారి కదిలించి సైరన్ మోగనివ్వండి, మానిటరింగ్ వాళ్లకి సిగ్నల్ ఏ జోన్ పేరుతో అందిందో అడిగి అప్పుడు టెస్ట్ తీసెయ్యమనండి. మూత లోపలివైపు ఒక కాగితం అంటించి ఏ జోన్ ఏమిటో, ఏది 00 చేశారో, ఏదైనా రెసిస్టర్‌తో మూసి ఉంటే అదీ, తారీఖు వేసి రాసి పెట్టండి.